తల్లి చదువుకూ పుట్టే బిడ్డ ఆరోగ్యానికీ ఏమిటి సంబంధం? తరచుగా అడిగే ప్రశ్నలు

మహిళా సంఘాల సమావేశాల్లో, ఆశా వర్కర్ల శిక్షణ తరగతుల్లో ఈ సంగతి ఎత్తినప్పుడల్లా ఇంచుమించు ఇవే ప్రశ్నలు వస్తుంటాయి. కొన్ని కడుపుతో ఉన్న అమ్మాయిలు అడిగినవి, కొన్ని వాళ్ళ అత్తగార్లు, కొన్ని బడి పంతుళ్ళు, కొన్ని డిగ్రీ చదివే పిల్లలు అడిగినవి. కొన్నింటికి రెండు ముక్కల్లో జవాబు చెప్పొచ్చు. కొన్నింటికి తైవాన్ దాకా వెళ్ళి రావాలి.

పుట్టగానే బిడ్డ ఆరోగ్యంగా ఉందో లేదో దేన్ని బట్టి చెబుతారు?

మొదట తూకం. 2,500 గ్రాములకు, అంటే రెండున్నర కిలోలకు తగ్గితే బరువు తక్కువ బిడ్డ అంటారు. 1,500 గ్రాముల లోపైతే మరీ తక్కువ. రెండోది నెలలు నిండాయా లేదా. 37 వారాలు నిండకముందే కాన్పయితే నెలలు తక్కువ బిడ్డ. ఈ రెండింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. తొమ్మిది నెలలూ నిండి కూడా రెండు కిలోలే ఉన్న బిడ్డ కడుపులో సరిగ్గా పెరగలేదన్నమాట. ఎనిమిదో నెలలో పుట్టి రెండు కిలోలున్న బిడ్డ వయసుకు తగ్గట్టే పెరిగింది, తొందరగా బయటికి వచ్చేసిందంతే. కారణాలు వేరు, చెయ్యాల్సిన వైద్యమూ వేరు.

మూడోది ఆప్గార్ స్కోరు. వర్జీనియా ఆప్గార్ అనే అమెరికన్ డాక్టరమ్మ 1952లో దీన్ని ప్రతిపాదించారు. పుట్టిన ఒక నిమిషానికి, మళ్ళీ అయిదు నిమిషాలకు బిడ్డ రంగు, గుండె వేగం, తాకితే స్పందన, కండ బిగువు, ఊపిరి చూసి పదికి మార్కులు వేస్తారు.

2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో తూకం వేసిన పిల్లల్లో దాదాపు 18 శాతం మంది రెండున్నర కిలోల లోపువాళ్ళే. 'తూకం వేసిన' అన్న మాట గుర్తుపెట్టుకోండి, దాని సంగతి తర్వాత చెబుతాను.

చదువుకున్న తల్లికి ఆరోగ్యమైన బిడ్డ పుడుతుందన్నది నిజమేనా?

సగటున చూస్తే నిజమే. ఏ దేశంలో లెక్క తీసినా తల్లి చదువు పెరిగేకొద్దీ పిల్లల మరణాలు తగ్గుతాయి. 1970 నుంచి 2009 వరకు 175 దేశాల లెక్కలు చూసిన పరిశోధన ఒకటి 2010లో వచ్చింది. ఆ కాలంలో అయిదేళ్ళలోపు పిల్లల మరణాలు ఏడాదికి 82 లక్షల మేర తగ్గితే, అందులో 42 లక్షలు, అంటే సగానికి పైగా, ఆడవాళ్ళ చదువు పెరగడంతో ముడిపడి ఉన్నాయని అందులో తేల్చారు. 2021లో వచ్చిన మరో పెద్ద సమీక్ష ప్రకారం, అసలు బడికి వెళ్ళని తల్లి పిల్లలతో పోలిస్తే పన్నెండేళ్ళు చదివిన తల్లి పిల్లలకు అయిదేళ్ళలోపు చనిపోయే ప్రమాదం 31 శాతం తక్కువ.

అయితే బిడ్డ బతకడం వేరు, బరువుతో పుట్టడం వేరు. తల్లి చదువు ప్రభావం బతుకు మీద బలంగా, త్వరగా కనిపిస్తుంది. బరువు మీద నెమ్మదిగా, తక్కువగా కనిపిస్తుంది. ఎందుకంటే బిడ్డ బరువులో కొంత భాగం తల్లి ఎత్తును బట్టి, ఆమె చిన్నప్పుడు తిన్న తిండిని బట్టి ఎప్పుడో తేలిపోయి ఉంటుంది. ఈ తేడా తెలియకపోతే మిగతా జవాబులన్నీ గందరగోళంగా అనిపిస్తాయి.

అది చదువు వల్ల వచ్చిందా, డబ్బు వల్ల వచ్చిందా? చదివించే ఇంట్లో తిండికీ లోటుండదు కదా.

ఇది అసలైన ప్రశ్న. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, అడగాలి కూడా.

ఆడపిల్లను ఇంటర్ దాకా చదివించే ఇల్లు సాధారణంగా కాస్త కలిగిన ఇల్లు. ఊళ్ళో కుళాయి ఉంటుంది, ఆస్పత్రి దగ్గర్లో ఉంటుంది, పెళ్ళయ్యేది కూడా అలాంటి ఇంటికే. 1998లో సోనాల్డే దేశాయ్, సౌమ్య అల్వా అనే ఇద్దరు పరిశోధకులు 22 దేశాల సర్వేలను పరిశీలించారు. భర్త చదువు, ఇంట్లో నీటి వసతి, మరుగుదొడ్డి, ఉండే ప్రాంతం లాంటివన్నీ లెక్కలోకి తీసుకునేసరికి తల్లి చదువుకు ఉందనుకున్న ప్రభావం చాలావరకు కరిగిపోయింది. టీకాల విషయంలో మాత్రం నిలిచింది. కాబట్టి అనుమానం న్యాయమైనదే.

మరి తేల్చేదెలా? ఒకే రకం కుటుంబాల పిల్లల్లో కొందరికి చదువు ఎక్కువ దక్కి, కొందరికి దక్కకుండా పోయిన సందర్భం కావాలి. అది వాళ్ళ డబ్బు వల్లో తెలివి వల్లో కాకుండా, ప్రభుత్వం ఎప్పుడో తీసుకున్న ఒక నిర్ణయం వల్ల జరిగి ఉండాలి. అలాంటి సందర్భాలు కొన్ని దొరికాయి.

తైవాన్‌లో 1968లో నిర్బంధ విద్యను ఆరేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళకు పెంచారు. అందుకోసం 150కి పైగా కొత్త మాధ్యమిక పాఠశాలలు తెరిచారు. కొన్ని జిల్లాల్లో ఎక్కువ, కొన్నింట్లో తక్కువ. ఆ ఏడు పన్నెండేళ్ళ లోపున్న అమ్మాయికి కొత్త బడి దక్కింది, అప్పటికే వయసు దాటిన వాళ్ళ అక్కకు దక్కలేదు. ఇల్లు అదే, అమ్మానాన్నలు వాళ్ళే. ఈ అమ్మాయిలు పెద్దయి తల్లులయ్యాక వాళ్ళ పిల్లల జనన, మరణ రికార్డులన్నీ పోల్చి చూశారు. పెరిగిన చదువు వల్ల పుట్టిన ప్రతి వెయ్యి మందిలో దాదాపు ఒక బిడ్డ ప్రాణం నిలిచిందని లెక్క తేలింది. శిశు మరణాలు సుమారు 11 శాతం తగ్గాయి. వెయ్యికి ఒకటి చిన్న అంకెలా అనిపించొచ్చు. వెయ్యి కాన్పులు జరిగే ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మను అడిగితే అది చిన్నది కాదని చెబుతుంది.

జింబాబ్వేలో 1980 దాకా నల్లజాతి పిల్లలకు హైస్కూలు తలుపులు దాదాపు మూసే ఉండేవి. స్వాతంత్ర్యం రాగానే తెరిచారు. అప్పటికి హైస్కూలు వయసులో ఉండి లాభపడిన అమ్మాయిల పిల్లలు, వాళ్ళకంటే కొద్దిగా పెద్దవాళ్ళ పిల్లలతో పోలిస్తే చనిపోయే అవకాశం 21 శాతం తక్కువని తేలింది.

ఇక బరువు గురించి. అమెరికాలో జానెట్ క్యూరీ, ఎన్రికో మొరెట్టి 2003లో ప్రచురించిన పరిశోధన ఉంది. అమ్మాయికి 17 ఏళ్ళ వయసున్నప్పుడు ఆమె ఉండే కౌంటీలో (మన జిల్లా లాంటిది) కొత్త కాలేజీ తెరిచారా లేదా అని చూశారు. దగ్గర్లో కాలేజీ వచ్చినచోట అమ్మాయిలు ఎక్కువ చదివారు. వాళ్ళకు పుట్టిన పిల్లల్లో బరువు తక్కువవాళ్ళు, నెలలు తక్కువవాళ్ళు తగ్గారు. ఆ తల్లులు గర్భిణీ పరీక్షలకు ముందే వెళ్ళారు, సిగరెట్టు తక్కువ తాగారు, తక్కువ మంది పిల్లల్ని కన్నారు.

కాబట్టి నా జవాబు: డబ్బు వాటా ఉంది, పెద్దదే. దాన్ని తీసేసినా చదువు వాటా మిగులుతుంది.

కాలిఫోర్నియాలో చూస్తే చదువుకు ప్రభావమే లేదని తేలిందట కదా?

ఆ పరిశోధనను మెక్రారీ, రాయర్ అనేవాళ్ళు 2011లో ప్రచురించారు. కాలిఫోర్నియాలో డిసెంబరు 2కల్లా అయిదేళ్ళు నిండితేనే ఆ ఏడు బడిలో చేర్చుకునేవారు. టెక్సస్‌లో ఆ తేదీ సెప్టెంబరు 1. గడువుకు ఒకరోజు ముందు పుట్టిన పాప ఈ ఏడు చేరుతుంది, ఒకరోజు తర్వాత పుట్టిన పాప వచ్చే ఏడు. వయసొచ్చాక చదువు మానేసేవాళ్ళలో, ఆలస్యంగా చేరిన అమ్మాయికి ఒక తరగతి తక్కువ పడుతుంది. ఒక్కరోజు తేడాతో పుట్టినవాళ్ళ మధ్య మిగతా తేడాలేమీ ఉండవు కాబట్టి పోలిక చాలా శుభ్రంగా ఉంటుంది. ఆ పోలికలో పిల్లల బరువులో, నెలలు నిండడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆ అమ్మాయిలు ఎప్పుడు తల్లులయ్యారన్నదీ మారలేదు. బ్రిటన్‌లో 1947లో బడి మానే వయసును 14 నుంచి 15కు పెంచినప్పుడు చదివిన తల్లిదండ్రుల పిల్లల మీద జరిగిన పరిశోధనలోనూ ఇలాగే పెద్ద ప్రభావం కనబడలేదు.

దీన్ని పక్కన పడేయడం నాకు ఇష్టం లేదు. జాగ్రత్తగా చేసిన పని అది. కానీ అది కొలిచిందేమిటో చూడాలి. ఎలాగూ మానేసే అమ్మాయి పదో తరగతిలో మానేసిందా, పదకొండులో మానేసిందా అన్న తేడాను కొలిచింది. ఆ అదనపు ఏడాది ఆమె పెళ్ళిని ఆపలేదు, ఇష్టం లేని బడిలో ఇంకొన్ని నెలలు కూర్చోబెట్టిందంతే. తైవాన్ అమ్మాయికి దక్కింది మూడేళ్ళ కొత్త చదువు, కొత్త బడి, కొత్త స్నేహితులు. క్యూరీ, మొరెట్టి చూసింది కాలేజీ చదువు. ఒక ఏడాది చదువు అనగానే అన్నిచోట్లా ఒకే సరుకు అనుకోకూడదు. ఆ ఏడాది ఆ పిల్ల బతుకులో దేని స్థానంలో వచ్చిందో దాన్నిబట్టే ఫలితం.

మన దగ్గర ఏ తరగతులు ముఖ్యం మరి?

ఏడు నుంచి పది. నన్నడిగితే ఈ మొత్తం విషయంలో గుండెకాయ ఇదే.

మన ఊళ్ళల్లో అయిదో తరగతి దాకా బడి ఇంటి దగ్గరే ఉంటుంది. ఆ తర్వాత హైస్కూలు పక్క ఊళ్ళో. పిల్ల పెద్దమనిషి అయ్యాక పంపడానికి భయం. దారి, బస్సు, మరుగుదొడ్డి, చెల్లిని చూసుకోవడం, పత్తి తీతకో మిరప కోతకో కూలి. ఎనిమిదో తొమ్మిదో ఆగిపోతే ఇక ఇంట్లో మిగిలే మాట 'సంబంధం చూద్దాం' అనేదే. మన దగ్గర చదువు ఆగడం, పెళ్ళి కుదరడం ఒకే గుమ్మానికి రెండు తలుపులు.

అయిదో కుటుంబ ఆరోగ్య సర్వేలో 20–24 ఏళ్ళ ఆడవాళ్ళలో 18 నిండకముందే పెళ్ళయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దేశం సగటు 23.3. చదువులో, ఆదాయంలో మనకంటే వెనకబడ్డ రాష్ట్రాలెన్నో ఉన్న దేశంలో మన అంకె ఇలా ఉండటం నన్ను బాధిస్తుంది.

పదహారేళ్ళ పిల్ల ఒళ్ళు ఇంకా పెరుగుతూనే ఉంటుంది. తిన్నదాంట్లో తనకూ కావాలి, కడుపులో బిడ్డకూ కావాలి. నెలసరి మొదలైన కొద్దేళ్ళకే గర్భం వస్తే రక్తం అప్పటికే తక్కువ. కటి ఎముక పూర్తిగా విచ్చుకోదు. కొత్త ఇంట్లో 'నాకు కళ్ళు తిరుగుతున్నాయి' అని చెప్పడానికి కూడా నోరు రాదు. అదే పిల్ల పది పాసై, ఇంటరో నర్సింగో చదివి ఇరవై ఒకటికి తల్లయితే ఇవన్నీ మారతాయి. ఆమె ఇంటర్‌లో చదివిన పాఠం బిడ్డ బరువు పెంచదు, ఆ అయిదేళ్ళ వ్యవధి పెంచుతుంది.

1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టిన కందుకూరి వీరేశలింగం బాల్య వివాహాల మీదా అదే కాలంలో పోరాడారు. అమ్మాయి పెళ్ళి వయసు చట్టంలో 14కు చేరడానికి 1929 దాకా, 18కి చేరడానికి 1978 దాకా పట్టింది. ఆ రెండు పోరాటాలూ ఒకటేనని ఆయనకు తెలుసు.

బడిలో గర్భం గురించి, కాన్పు గురించి పాఠాలే ఉండవు. మరి చదువు ఎలా పనికొస్తుంది?

పాఠం వల్ల కాదు. మొరాకోలో పాల్ గ్లెవ్ అనే ఆర్థికవేత్త చేసిన పరిశీలన నాకు చాలా నచ్చింది. పిల్లల ఆరోగ్యానికి నేరుగా పనికొచ్చింది తల్లికున్న ఆరోగ్య జ్ఞానం. కానీ ఆ జ్ఞానం ఆమెకు బడిలో రాలేదు. బడిలో వచ్చిన చదవడం, రాయడం, లెక్కలు ఆధారంగా బయట సంపాదించుకుంది.

మన దగ్గర అదెలా ఉంటుందో చెబుతాను. గర్భిణికి తల్లీబిడ్డల కార్డు ఇస్తారు. అందులో కాన్పు తేదీ, బరువు, బీపీ, హిమోగ్లోబిన్ రాస్తారు. హిమోగ్లోబిన్ 11కు తగ్గితే రక్తహీనత, 7కు తగ్గితే ప్రమాదం. కార్డు మీద 8.2 అని రాసి ఉంటే, చదవడం వచ్చిన అమ్మాయి 'పోయిన నెల 9 ఉండింది కదమ్మా, ఎందుకు తగ్గింది?' అని ఏఎన్ఎమ్‌ను అడుగుతుంది. చదవడం రాని అమ్మాయి కార్డును చీరల మధ్య భద్రంగా దాస్తుంది. ఇద్దరికీ బిడ్డంటే ఒకటే ప్రేమ.

ఇంకోటి, ఆస్పత్రి భాష. రాబర్ట్ లెవీన్, ఆయన సహచరులు నేపాల్, మెక్సికో, వెనిజువెలా, జాంబియా దేశాల్లో తల్లుల్ని దగ్గరగా చూశారు. బడి పిల్లకు నేర్పేది ముక్కూమొహం తెలియని పెద్దమనిషి ముందు నిలబడి, అతను వాడే పద్ధతిగల మాటల్ని అర్థం చేసుకుని, తిరిగి ప్రశ్న అడగడం అని వాళ్ళు గమనించారు. అక్షరాలు మర్చిపోయినా ఆ అలవాటు పోదట. డాక్టరమ్మ 'రెండు పూటలా తిన్న తర్వాత, వారం ఆగి రండి' అని గబగబా చెప్పేసినప్పుడు 'ఏ మాత్ర ముందు?' అని అడగగలిగే ధైర్యం అక్కడిదే.

ఐరన్ మాత్రల సంగతే చూడండి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 మాత్రలు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. కాన్పయ్యాక మరో 180. మింగితే మలం నల్లగా వస్తుంది, వికారం పుడుతుంది. 'బిడ్డ నల్లగా పుడతాడు' అని ఎవరో అంటారు. 'ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుంది' అని ఇంకొకరంటారు. చదువుకున్న అమ్మాయి కూడా ఇవన్నీ వింటుంది. కాకపోతే వాటిని దాటి ఇంకో చోట అడిగి చూస్తుంది. మాత్రను టీతో వేసుకోకూడదని, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోకూడదని, నిమ్మరసంతో అయితే ఒంటికి బాగా పడుతుందని తెలుసుకుంటుంది.

పొగాకు కూడా. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు ఊళ్ళల్లో చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు పెద్దతరం ఆడవాళ్ళలో ఉంది. చదువుకున్న కూతుళ్ళకు అది రాలేదు. పొగాకు ఏ రూపంలో ఉన్నా కడుపులో బిడ్డ బరువు తగ్గిస్తుంది.

మా అమ్మమ్మ సంతకం కూడా పెట్టలేదు. ఎనిమిది మందిని కన్నది. అందరూ బండల్లా ఉన్నారు!

ఈ మాట వినని సమావేశం లేదు. అమ్మమ్మకు దండం పెట్టి ఒక్కటి అడుగుతాను: కన్నది ఎనిమిది మందినేనా, బతికింది ఎనిమిది మందా? కాసేపు నిశ్శబ్దం తర్వాత 'ఇద్దరు పురిట్లోనే పోయారు' అని ఎవరో మెల్లగా అంటారు. ఆ ఇద్దరిని ఎవరూ లెక్కలో చెప్పరు.

మా అమ్మ ఏడో తరగతిలో ఆపేసింది. పదహారేళ్ళకు మా అక్క పుట్టింది, ఇంట్లోనే, మంత్రసాని చేతిలో. తూకం లేదు. 'చేట్లో పడుకోబెడితే చేటంతా ఖాళీగానే ఉండేది' అని మాత్రం అమ్మ చెప్పేది. మొదట చెప్పిన 'తూకం వేసిన పిల్లలు' అన్న మాట ఇక్కడ పనికొస్తుంది. అప్పట్లో బడి ముఖం చూడని తల్లుల పిల్లలే ఎక్కువగా ఇళ్ళల్లో పుట్టారు, తూకానికి ఎక్కలేదు. పాత లెక్కల్లో చదువున్న తల్లికీ లేని తల్లికీ మధ్య తేడా అసలు కన్నా తక్కువగా కనబడటానికి ఇదొక కారణం. ఇప్పటికీ చాలాచోట్ల తూకం సరిగ్గా రెండున్నర అని గుండుగుత్తగా రాసేస్తారు. 2,430 గ్రాముల బిడ్డ కాగితం మీద 2,500 అయిపోతే ఆ తల్లికి రావాల్సిన జాగ్రత్తలు రాకుండా పోతాయి. దయచేసి ఉన్నదున్నట్టు రాయమని అడగండి.

బడిలో పెట్టే మధ్యాహ్న భోజనానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. చదువంటే అక్షరాలే అనుకుంటే ఇది తప్పిపోతుంది. సుప్రీంకోర్టు 2001లో అన్ని ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక బడుల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. చిన్నప్పుడు ఆ భోజనం తిన్న అమ్మాయిలు ఇప్పుడు తల్లులు. వాళ్ళ పిల్లల ఎత్తును పోల్చిన పరిశోధన 2021లో వచ్చింది. 2006–2016 మధ్య దేశంలో పిల్లల ఎత్తులో వచ్చిన మెరుగుదలలో 13 నుంచి 32 శాతం వరకు తల్లులు తిన్న బడి భోజనంతో ముడిపడి ఉందని అందులో అంచనా వేశారు.

కడుపుతో ఉన్నప్పుడు పెట్టే తిండి కూడా పనిచేస్తుంది, కానీ కొంతవరకే. 1987–90 మధ్య హైదరాబాద్ దగ్గరి పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం ఇచ్చి చూశారు. పిల్లల పుట్టిన బరువు సగటున 61 గ్రాములు పెరిగింది. టీనేజీకి వచ్చేసరికి ఆ పిల్లలు పక్క పల్లెల పిల్లలకంటే 14 మిల్లీమీటర్ల ఎత్తు ఎక్కువున్నారు. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం చూసిన పల్లె పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ పిల్లలది 3.5. ఆ 800 గ్రాములు తొమ్మిది నెలల్లో పూడ్చగలిగేవి కావు. తల్లి తాను చిన్నపిల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి.

నేను అయిదో తరగతే చదివాను. ఇప్పుడు ఆరో నెల. నా బిడ్డ బలహీనంగా పుడుతుందా?

అలా ఏమీ రాసిపెట్టి లేదమ్మా. పైన చెప్పినవన్నీ లక్షల మంది సగటు లెక్కలు, మీ జాతకం కాదు. చదువు తెచ్చిపెట్టే వాటిలో చాలావాటిని మీరు ఇప్పుడే చేతిలోకి తీసుకోవచ్చు. కార్డు తీసుకెళ్ళి 'నా రక్తం ఎంత, నా బరువెంత పెరిగింది, బీపీ ఎంత' అని మూడు అంకెలు అడగండి. ఇంట్లో చదివే పిల్ల ఎవరైనా ఉంటే చదివించుకోండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రిలో గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉంటుంది, తప్పకుండా వెళ్ళండి. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, పాలు ఇంట్లో అందరికీ పంచకుండా మీరే తినండి. కాళ్ళూ ముఖం వాచినా, చూపు మసకబారినా, తల పగిలేలా నొప్పి వచ్చినా, రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చెయ్యండి.

బిడ్డ బరువు తక్కువగానే పుట్టినా భయపడకండి. ముర్రుపాలు పట్టండి, నర్సమ్మ చూపించినట్టు బిడ్డను మీ గుండెలకు చర్మానికి చర్మం తగిలేలా కట్టుకోండి. ఈ కంగారూ పద్ధతి 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో మొదలైంది, అక్కడి ఆస్పత్రిలో పిల్లల్ని పెట్టే బాక్సులు చాలక.

మా అమ్మాయి బీటెక్ చేసింది. అయినా బిడ్డ 2.2 కిలోలే. ఇదేమిటి?

చదువు అన్నింటినీ ఆపలేదు. బీపీ, షుగరు, కవలలు, మాయలో లోపం, ముప్పై అయిదు దాటాక గర్భం, ఇవి ఎవరికైనా రావచ్చు.

అమెరికాలో నల్లజాతి తల్లుల సంగతి దీనికి కళ్ళు తెరిపించే ఉదాహరణ. తల్లీతండ్రీ ఇద్దరూ కాలేజీ చదివిన కుటుంబాలనే తీసుకుని 1992లో పోల్చారు. శిశు మరణాలు నల్లజాతివారిలో వెయ్యికి 10.2, తెల్లజాతివారిలో 5.4. ఆ తేడా దాదాపు మొత్తం బరువు తక్కువ పిల్లల దగ్గరే ఉంది. ఒకే డిగ్రీ, ఒకే దేశం. వివక్షలో బతకడమే ఒంటిని అరగదీస్తుందని అక్కడి పరిశోధకులు చాలామంది అంటారు. డిగ్రీ కాగితం సమాజం చేసే గాయాన్ని మాన్పలేదు.

మన దగ్గర ఇంకో కారణం ఉంది, చెప్పకుండా ఉండలేను. ముహూర్తం సిజేరియన్లు. తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లేనని అయిదో సర్వే చెప్పింది, దేశంలో అదే అత్యధికం. వాటిలో అవసరమైనవి ఎన్నో ఉంటాయి. కానీ మంచి నక్షత్రం కోసం 37వ వారంలోనే కోయించుకునేది ఎక్కువగా చదువుకున్న, కలిగిన కుటుంబాలే. చివరి వారాల్లో బిడ్డ వారానికి దాదాపు 200 గ్రాములు పెరుగుతుంది, ఊపిరితిత్తులు, మెదడు గట్టిపడేదీ అప్పుడే. వైద్య కారణం లేకపోతే 39 వారాలు నిండేదాకా ఆగాలి. పుట్టే ఘడియను బిడ్డకే వదిలెయ్యమని ప్రతి తాతగారినీ చేతులు పట్టుకుని అడుగుతాను.

తండ్రి చదువుకు విలువ లేదా?

ఉంది. ఇండోనేషియాలో 1973–78 మధ్య 61,000కు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టారు. ఆ బడుల్లో చదివినవారి పిల్లల మరణాలు చూస్తే తల్లి చదువు, తండ్రి చదువు రెండూ సమానంగా పనిచేశాయని తేలింది. పైన చెప్పిన 2021 సమీక్షలో మాత్రం తల్లి పన్నెండేళ్ళ చదువుకు 31 శాతమైతే తండ్రి చదువుకు 17 శాతం. ఆస్పత్రికి ఎప్పుడు వెళ్ళాలి, ఆటోకి డబ్బులు ఎవరివ్వాలి అన్నది ఇంకా మగవాళ్ళ చేతిలో ఉన్న ఇళ్ళల్లో తండ్రి చదువు కూడా బిడ్డ ప్రాణమే.

కేరళతో మనల్ని పోలిస్తే ఎలా ఉంటుంది?

2020 నమూనా నమోదు (ఎస్ఆర్ఎస్) లెక్కల ప్రకారం పుట్టిన ప్రతి వెయ్యి మందిలో ఏడాదిలోపు పోయినవాళ్ళు కేరళలో 6, తెలంగాణలో 21, ఆంధ్రప్రదేశ్‌లో 24, దేశంలో 28. పదేళ్ళు, అంతకు పైగా చదివిన ఆడవాళ్ళు కేరళలో 77 శాతం, తెలంగాణలో 45.5, ఆంధ్రప్రదేశ్‌లో 39.6. ఆస్పత్రి కాన్పుల్లో మనం వాళ్ళకు పెద్దగా తీసిపోం, రెండు రాష్ట్రాల్లోనూ 96 శాతం దాటాయి. ఆస్పత్రి దాకా తీసుకెళ్ళగలిగాం, పదో తరగతి దాకా తీసుకెళ్ళలేకపోయాం. కేరళకు ముందున్న చరిత్ర కూడా పెద్దదే. అందరికీ చదువు చెప్పించే ఖర్చు రాజ్యానిదేనని తిరువాన్కూరు రాణి గౌరీ పార్వతీబాయి 1817లోనే శాసనం ఇచ్చారు.

చదువు వయసు దాటిపోయిన తల్లులకు దారేమిటి?

కలిసి కూర్చోవడం. ఝార్ఖండ్, ఒడిశా ఆదివాసీ ప్రాంతాల్లో ఏక్‌జుట్ అనే సంస్థ 2005 నుంచి మూడేళ్ళు పల్లెల్లో మహిళా సంఘాలు నడిపింది. నెలకోసారి కూర్చుని కథలు, బొమ్మల ద్వారా కాన్పు కష్టాలు మాట్లాడుకుని, తమకు చేతనైన ఉపాయాలు తామే ఎంచుకున్నారు. అక్కడి తల్లుల్లో చాలామంది బడికి వెళ్ళనివాళ్ళే. నెలలోపు పిల్లల మరణాలు 32 శాతం తగ్గాయి. మనకు ఊరూరా పొదుపు సంఘాలున్నాయి. అప్పు లెక్క చూశాక ఒక్క అరగంట దీనికి పెట్టమని నా మనవి.

మా పిల్ల పది ఫెయిలైంది. సంబంధం వచ్చింది. ఏం చెయ్యమంటారు?

పెళ్ళి ఆపండి, పరీక్ష కట్టించండి. ఫలితాలు వచ్చిన కొద్ది వారాల్లోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది, ఫెయిలైన సబ్జెక్టులు మాత్రమే రాస్తే చాలు. బడి మానేసి చాలా రోజులైతే రెండు రాష్ట్రాల్లోనూ సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూలు) ఉంది. 14 ఏళ్ళు నిండితే పదో తరగతికి చేరవచ్చు. క్లాసులు సెలవు రోజుల్లో దగ్గర్లోని హైస్కూల్లోనే జరుగుతాయి. పేద ఇంటి పిల్లలకు, మధ్యలో చదువు మానేసిన పిల్లలకు కస్తూర్బా విద్యాలయాల్లో ఉచితంగా ఉండి చదువుకునే వీలుంది. 18 నిండని పిల్లకు పెళ్ళి చేస్తుంటే 1098కి ఎవరైనా ఫోన్ చెయ్యొచ్చు, పేరు చెప్పనక్కర్లేదు. ఫీజు గడువు ఎప్పుడో రేపే హైస్కూలుకు వెళ్ళి హెడ్‌మాస్టారును అడగండి, పిల్లను కూడా వెంట తీసుకెళ్ళండి.